ముఖం లేని పాత్రలు

కళ్ళు లేవు, నోరు లేదు, కాళ్ళూ చేతులూ లేవు. నిలువుగా నిలబడ్డ ఒక చిన్న ఎర్ర దీర్ఘచతురస్రం. పేరు థామస్. బ్రిటన్‌కు చెందిన గేమ్ డిజైనర్ మైక్ బిథెల్ 2012లో కంప్యూటర్ల కోసం విడుదల చేసి, 2014లో ఐప్యాడ్‌కి తెచ్చిన ‘థామస్ వాజ్ అలోన్’ ఆటకు కథానాయకుడు ఇతనే. ఆటలో కనిపించేవి నల్లటి గోడలు, మెట్లు, గుంటలు, నీళ్ళు. వాటి మధ్య గెంతుతూ తిరిగే రంగురంగుల పెట్టెలు. పక్కనుంచి ఒక మగ గొంతు ఆ పెట్టెల మనసులో ఏముందో చెబుతూ ఉంటుంది. ఇంతకు మించి ఏమీ లేదు. అయినా ఆట మొదలుపెట్టిన కాసేపటికే ఒక నారింజ రంగు చతురస్రం మీద జాలి పుడుతుంది. గులాబీ రంగు పలక ఒంటరిగా మిగిలిపోతే మనకు బాధేస్తుంది.

నాలుగు గీతల మధ్య రంగు నింపినంత మాత్రాన దానికి మనసు ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న వీడియో గేములకంటే పాతది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని స్మిత్ కాలేజీలో ఫ్రిట్జ్ హైడర్, మరియాన్ సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1944లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అట్టముక్కలు కత్తిరించి, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసి, రెండు మూడు నిమిషాలకు మించని చిన్న సినిమా తయారుచేశారు. అందులో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులా తెరుచుకుని మూసుకునే పక్క ఉన్న ఒక దీర్ఘచతురస్రం. పెద్ద త్రిభుజం చిన్నదాన్ని గుద్దుతుంది. వృత్తం దీర్ఘచతురస్రం లోపలికి పోతుంది. పెద్దది దాని వెంటపడి లోపలికి వెళుతుంది. చివరికి చిన్న త్రిభుజం, వృత్తం కలిసి తప్పించుకుంటాయి, పెద్దది ఆ దీర్ఘచతురస్రం గోడలు విరగ్గొడుతుంది.

ఇప్పుడు నేను రాసిన మాటలే చూడండి. వెంటపడటం, తప్పించుకోవడం, గోడలు విరగ్గొట్టడం. తెరమీద జరిగింది కొన్ని అట్టముక్కలు అటూ ఇటూ జరగడమే. దాన్ని ఉన్నదున్నట్టు, అంటే ఇంత కోణంలో కదిలింది, ఇంత దూరం జరిగింది అని రాయడానికి ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. హైడర్, సిమ్మెల్ మొదట 34 మంది విద్యార్థినులకు ఆ సినిమా చూపించి, జరిగింది రాయమన్నారు. ఒకే ఒక్కామె దాన్ని జ్యామితి భాషలో రాసింది. మిగతా అందరూ ప్రాణుల కథగానే, చాలావరకు మనుషుల కథగానే రాశారు. పెద్ద త్రిభుజం చాలామందికి దౌర్జన్యం చేసేవాడిగా కనిపించింది. ప్రాణం ఉన్నట్టు ఊహించుకోమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 

దీనికి మూడు బొమ్మలు కూడా అక్కర్లేదని తర్వాత తేలింది. 2000లో పాట్రిస్ ట్రెమూలే, జేకబ్ ఫెల్డ్‌మన్ ఖాళీ తెరమీద ఒకే ఒక్క చిన్న ఆకారాన్ని నడిపించి చూశారు. అది తిన్నగా పోతున్నంతసేపూ వస్తువే. మధ్యలో ఏ కారణమూ కనపడకుండా దిశా, వేగమూ మార్చుకుంటే మాత్రం చూసేవాళ్ళకు ప్రాణి అనిపించడం మొదలవుతుంది. బయటినుంచి ఎవరూ తోయకుండా తనంతట తాను తిరిగిందంటే, దాని లోపల తిప్పేది ఏదో ఉందని మెదడు లెక్కవేస్తుంది. అదే ఏడాది లండన్ పరిశోధకులు ఇలాంటి త్రిభుజాల సినిమాలు చూస్తున్నవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేశారు. ఎదుటి మనిషి ఏం అనుకుంటున్నాడో అంచనా వేసేటప్పుడు పనిచేసే ప్రాంతాలే, అంటే నుదుటి వెనక మధ్యభాగం, చెవులకు కాస్త పైన ఉండే చోట్లు, త్రిభుజాల కోసమూ పనిచేశాయి.

ఇది పుట్టుకతో వచ్చే గుణమా, పెరిగే క్రమంలో నేర్చుకునేదా అన్నది ఇంకా తేలని గొడవ. కొండ ఎక్కడానికి తంటాలుపడే ఒక ఆకారానికి సాయం చేసిన బొమ్మనీ, దాన్ని కిందికి తోసిన బొమ్మనీ ఎదురుగా పెడితే, ఏడాది నిండని పసిపిల్లలు సాయం చేసినదాన్నే ఎక్కువగా ఎంచుకున్నారని 2007లో ‘నేచర్’లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అది చాలా పేరు తెచ్చుకుంది. ఈ మధ్య అనేక ప్రయోగశాలలు కలిసి వెయ్యిమంది పిల్లల మీద అదే పరీక్ష చేస్తే ఆ మొగ్గు కనపడలేదు. కాబట్టి పసిపిల్లలు పెట్టెల్లో మంచీ చెడూ చూస్తారని గట్టిగా చెప్పలేం. పెద్దవాళ్ళం మాత్రం చూస్తాం. ఆ విషయంలో హైడర్ ఫలితం ఎన్నిసార్లు మళ్ళీ చేసి చూసినా నిలబడింది.

అయితే బిథెల్ ఆటను అర్థం చేసుకోవడానికి హైడర్ ఒక్కడే చాలడు. సినిమాలో త్రిభుజాలు వాటంతట అవే కదులుతాయి, అందుకే వాటికి మనసుందనిపిస్తుంది. ఆటలో అలా కాదు. థామస్‌ని కదిపేది మన వేలే. మనం వేలు తీస్తే అతను రాయిలా నిలబడిపోతాడు. స్వయంగా కదలడమే ప్రాణానికి గుర్తయితే, ఆటలో ఉన్న పెట్టెలన్నీ చేతితొడుగు బొమ్మల్లా మన చేతి కొనసాగింపులుగా మిగిలిపోవాలి. ఒక్కొక్కటీ ఒక్కో మనిషిగా విడిపోకూడదు. కానీ విడిపోతాయి.

నా ఉద్దేశంలో ఆ రహస్యం వాటి కదలికలో లేదు. కదల్లేకపోవడంలో ఉంది. థామస్ ఓ మోస్తరుగా గెంతగలడు. క్రిస్ అనే పొట్టి నారింజ చతురస్రం సరిగ్గా గెంతలేడు, కాని ఇతరులు పట్టని సందుల్లో దూరగలడు. జాన్ అనే పొడుగాటి పసుపు దీర్ఘచతురస్రం అందరికంటే ఎత్తు ఎగురుతాడు. క్లెయిర్ పెద్ద నీలం చతురస్రం, నెమ్మదైన మనిషి, గెంతు అంతంతమాత్రం. కానీ మిగతావాళ్ళు పడితే చచ్చిపోయే నీళ్ళలో ఆమె తేలుతుంది. లారా గులాబీ రంగు పలక. ఆమె మీద దూకినవాళ్ళు మరింత ఎత్తుకు లేస్తారు. జేమ్స్ పచ్చ దీర్ఘచతురస్రం, కిందికి పడడు, పైకి పడతాడు.

ఇప్పుడు కథ రాసినవాడి నేర్పు చూడండి. ప్రతి పాత్రకూ స్వభావం దాని శరీరంలోంచే పుట్టింది. ఎత్తయిన మెట్టు తనంతట తాను ఎక్కలేని క్రిస్ మిగతావాళ్ళ మీద చిరచిరలాడుతూ ఉంటాడు. మన ఇళ్ళలో పొట్టివాళ్ళు అటకమీద డబ్బా కోసం స్టూలు లాక్కున్నట్టు, అతను పైకి ఎక్కాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు కింద నిలబడాలి. ఆ అవసరమే అతని చిరాకు. ఎత్తు ఎగరగలిగే జాన్‌కి తనంటే తనకు మహా గొప్ప. నీళ్ళలో మునగకుండా ఉండగలనని తెలుసుకున్న క్లెయిర్ తనని తాను సూపర్‌హీరో అనుకుంటుంది, మిగతావాళ్ళని మోసుకుంటూ నీళ్ళు దాటిస్తుంది. అందరూ తనమీద ఎక్కి దూకి వెళ్ళిపోతుంటే లారాకి ఒకటే భయం, అవసరం తీరాక తనను వదిలేస్తారని. ఆటగాడిగా మనం చేసేదీ సరిగ్గా అదే కదా. ఆమె మీద దూకి, పైకెక్కి, వేరే పాత్రకి మారిపోతాం. గొంతు ఆమె భయం గురించి చెప్పేసరికి మన వేలు అప్పటికే ఆ పని చేసేసి ఉంటుంది.

ఇంకొక చిన్న నియమం ఈ ఆటను కథగా మార్చేసింది. ప్రతి లెవెల్ చివర బయటికి పోయే ద్వారాలు తెల్లటి గీతలతో గీసి ఉంటాయి. ఎవరి ద్వారం వాళ్ళ ఆకారానికి, వాళ్ళ కొలతకే సరిపోతుంది. ఉన్నవాళ్ళందరూ ఎవరి ద్వారంలో వాళ్ళు చేరితే తప్ప లెవెల్ ముగియదు. జాన్ నాలుగు గెంతుల్లో గమ్యం చేరగలడు, కానీ ప్రయోజనం లేదు. చేతగాని క్రిస్‌ని ఎలా తీసుకురావాలన్నదే చిక్కుముడి. ఎవరు ముందు ఎక్కాలి, ఎవరి మీద ఎవరు నిలబడాలి, ఎవరు వెనక్కి వచ్చి మెట్టు అవ్వాలి అని ఆలోచించడమే ఆట. పజిల్‌కి జవాబు కనుక్కోవడం అంటే ఆ గుంపులో ఒకరికి మరొకరు ఎందుకు కావాలో కనుక్కోవడమే. ఎన్నో ఆటల్లో కథ ఒకవైపు, పజిల్ ఒకవైపు ఉంటాయి. కథ కోసం చిన్న సినిమా వేస్తారు, అది అయిపోయాక మళ్ళీ గెంతమంటారు. ఇక్కడ రెండూ ఒకటే పని.

ఆటలోని పెట్టెలు ఒక కంప్యూటర్ వ్యవస్థలో అనుకోకుండా తెలివి తెచ్చుకున్న కృత్రిమ మేధలని కథ చెబుతుంది. ఆ కథ చెప్పే గొంతు బ్రిటిష్ రచయిత డానీ వాలస్‌ది. 2013లో బాఫ్టా గేమ్ పురస్కారాల్లో నటనకిచ్చే అవార్డు ఆయనకే వచ్చింది. ముఖకవళికలున్న పాత్రలతో కోట్లు పోసి తీసిన ఆటలుండగా దీర్ఘచతురస్రాల వెనక వినిపించిన గొంతుకి ఆ గౌరవం దక్కింది. అందులో అన్యాయమేమీ లేదని నేననుకుంటాను. హైడర్ సినిమాలో పెద్ద త్రిభుజం కోపంగా ఉందని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. కానీ లారాది భయమా, విసుగా అన్నది ఆకారం చెప్పలేదు. మనసుందని మెదడు తనంతట తానే నమ్మేస్తుంది. ఆ మనసులో ఏముందో గొంతు నింపుతుంది. డేవిడ్ హౌస్డెన్ సంగీతం ఆ రెండింటి మధ్య ఖాళీని మెత్తగా పూడుస్తుంది.

ఇక ఆకారాల సంగతి. ఈ ఆట తొలి రూపాన్ని బిథెల్ 2010లో 24 గంటల్లో ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేశాడు. ఒక రోజులో మనిషి బొమ్మ గీసి, నడిపించి, గెంతించడం అయ్యే పని కాదు, దీర్ఘచతురస్రమైతే అవుతుంది. అయితే ఇందులో సౌకర్యానికి మించిన విషయం ఒకటుంది. మెట్ల మీంచి మెట్ల మీదికి గెంతే ఆటలను ప్లాట్‌ఫామర్లు అంటారు. 1981 నాటి ‘డాంకీ కాంగ్’, 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఈ జాతివే. వాటిలో మనకు మీసాల మనిషి కనిపిస్తాడు. కంప్యూటర్ లెక్కల్లో మాత్రం ఆ మీసాలూ టోపీ లేవు, వాటి చుట్టూ కంటికి కనపడని ఒక పెట్టె ఉంటుంది. గోడకు తగిలిందా, నేలమీద నిలబడిందా, శత్రువు అంటుకుందా అని చూసేది ఆ పెట్టెతోనే. అంచులు నిటారుగా ఉన్న రెండు పెట్టెలు ఒకదాన్నొకటి తాకాయో లేదో తెలుసుకోవడానికి నాలుగు పోలికలు చాలు. దీని కుడి అంచు దాని ఎడమ అంచును దాటిందా, దీని ఎడమ అంచు దాని కుడి అంచుకు ఇవతలే ఉందా, అలాగే పైనా కిందా. నాలుగింటికీ అవును అని జవాబొస్తే తాకినట్టు.

మామూలు ఆటల్లో బొమ్మకీ, ఆ కనపడని పెట్టెకీ ఎప్పుడూ కొంచెం తేడా ఉంటుంది. జుట్టు మాత్రమే తగిలితే చచ్చిపోయామని, కాలు అంచుమీదే ఉన్నా జారిపోయామని ఆటగాళ్ళు గొడవపడేది అందుకే. థామస్ ఆటలో పైన తొడిగిన బొమ్మ లేదు, పెట్టే పాత్ర. కంప్యూటర్ చూసేదీ మనం చూసేదీ ఒక్కటే. పజిల్ ఆటకు ఇది పెద్ద వరం. క్రిస్ ఈ సందులో పడతాడా లేదా అన్నది కంటితో కొలిచి చెప్పేయవచ్చు. ఓడిపోతే తప్పు ఆలోచనలోనే ఉంటుంది, కొలతలో ఉండదు.

గెంతు కూడా అంత సులువుగా ఏమీ రాదు. భూమ్మీద ఉన్న గురుత్వాకర్షణనే ఆటలో పెడితే ఏమవుతుందో లెక్క చూద్దాం. మీటరు ఎత్తున్న పాత్ర నాలుగు మీటర్లు ఎగరాలనుకుందాం. నిజమైన గురుత్వాకర్షణ వల్ల పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన పైకి చేరడానికి 0.9 సెకను, దిగడానికి మరో 0.9 సెకను, మొత్తం దాదాపు రెండు సెకన్లు. రెండు సెకన్లు గాల్లో వేలాడే పాత్ర బెలూన్‌లా అనిపిస్తుంది, విసుగొస్తుంది. అందుకే డిజైనర్లు లెక్కను తిప్పి వేస్తారు. నాలుగు మీటర్ల ఎత్తు 0.4 సెకనులో చేరాలని ముందే నిర్ణయించుకుంటారు. ఎత్తును రెండుతో హెచ్చించి, కాలం వర్గంతో భాగిస్తే కావలసిన గురుత్వాకర్షణ వస్తుంది. ఇక్కడ అది 50, అంటే భూమికి అయిదు రెట్లు. చాలా ఆటల్లో దిగేటప్పుడు దాన్ని ఇంకా పెంచుతారు, కాళ్ళు నేలకు తాకిన భావన అప్పుడే గట్టిగా వస్తుంది. ఈ సమీకరణంలో గురుత్వాకర్షణ ముందు ఒక మైనస్ గుర్తు పెడితే జేమ్స్ పుడతాడు. ఆ ఒక్క గుర్తూ కథలో అందరికంటే వేరుగా ఉన్నవాడి బతుకైంది. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇది.

కంప్యూటర్‌లో ఈ గెంతుకి మీట ఉంటుంది. నొక్కితే లోపలికి పోతుంది, ఆ స్పర్శే వేలికి సమాచారం. ఫోన్, టాబ్లెట్ల మీద అది లేదు. అద్దం మీద గీసిన బటన్ మీద వేలు ఉందో, జారిపోయిందో చూస్తే తప్ప తెలియదు. చూద్దామంటే పాత్ర వైపు నుంచి చూపు మరల్చాలి. పైగా బొటనవేలే తెరలో కొంత భాగం కప్పేస్తుంది. వేలు తాకిన సంగతి గుర్తించడానికి, లెక్క వేయడానికి, కొత్త బొమ్మ తెరకెక్కడానికి పదుల మిల్లీసెకన్లు పడతాయి. సెకనుకు 60 బొమ్మలు వేసే తెరమీద ఒక్కో బొమ్మకే దాదాపు 17 మిల్లీసెకన్లు.

ఈ ఆలస్యం ఎందుకు ముఖ్యమో చెప్పడానికి బెల్జియం శాస్త్రవేత్త ఆల్బెర్ మిషోట్‌ని తలచుకోవాలి. 1946లో వచ్చిన పుస్తకంలో ఆయన చూపించింది ఇది. ఒక చతురస్రం వచ్చి ఇంకొకదాన్ని తాకి ఆగుతుంది, రెండోది వెంటనే కదులుతుంది. మొదటిది రెండోదాన్ని గుద్ది పంపినట్టు మనకు కళ్ళారా కనిపిస్తుంది. తాకడానికీ కదలడానికీ మధ్య సెకనులో అయిదో వంతు ఆగితే ఆ భావన చెదిరిపోతుంది. అప్పుడవి రెండు సంబంధం లేని సంఘటనలు. వేలికీ గెంతుకీ మధ్య కూడా ఇలాంటిదే జరుగుతుంది. ఆలస్యం చిన్నదైతే ఎగిరింది నేనే. పెద్దదైతే నేను నొక్కాను, తర్వాత ఆ పెట్టె ఎగిరింది. పాత్రతో పెనవేసుకున్న బంధం ఆ ఖాళీలోనే తెగిపోతుంది.

డిజైనర్లు దీనికి రకరకాల దారులు వెతికారు. 2013లో ఐఫోన్లకు వచ్చిన డెన్మార్క్ ఆట ‘లింబో’ తెరమీద బటన్లు తీసేసి, వేలిని జరిపితే నడవడం, పైకి విదిలిస్తే గెంతడం పెట్టింది. లండన్‌లో తయారై 2014లో వచ్చిన ‘మాన్యుమెంట్ వ్యాలీ’ అసలు గెంతే మానేసింది. ఎక్కడికి వెళ్ళాలో తాకితే అక్కడికి ఐడా అనే చిన్న రాకుమారి నడిచి వెళుతుంది, మనం భవనాలను తిప్పుతూ ఆమెకు దారి వేస్తాం. గెంతును ఉంచుకున్న ఆటలు ఆటగాడి తప్పును కొంచెం క్షమిస్తాయి. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’లో మెట్టు అంచు దాటి గాల్లోకి వెళ్ళిన కొన్ని క్షణాల తర్వాత నొక్కినా గెంతు చెల్లుతుంది. థామస్ ఆటకి ఈ ఇబ్బంది తక్కువ. దానిలో చాలా లెవెల్స్ వేళ్ళ చురుకును పెద్దగా పరీక్షించవు, ఆలోచించేదాకా ఆగుతాయి. అందుకే చిన్న తెరమీదికి వచ్చినా దాని బలం పెద్దగా తగ్గలేదు.

ఆటలో నాకు తృప్తినివ్వని భాగమూ ఉంది. చివరి అధ్యాయాల్లో తొలితరం పాత్రలు పక్కకు తప్పుకుని, వాళ్ళ స్థానంలో బూడిద రంగు పెట్టెలు వస్తాయి. వీళ్ళకు సొంత శక్తులు ఉండవు. రంగు పొరల్లోంచి దాటితే ఆ రంగు శక్తి వస్తుంది, మరో పొర దాటితే మారిపోతుంది. పజిల్‌గా ఇది చక్కని ఊహ, చిక్కులు కొత్తగా ఉంటాయి. కానీ ఇప్పుడు నీళ్ళలో తేలి, మరుక్షణంలో తలకిందులయ్యేవాడికి సొంతమంటూ ఒక లోటు లేదు, కాబట్టి ఒక చిరాకూ లేదు, ఒక గొప్పా లేదు. గొంతు వాళ్ళ గురించి ఎన్ని మాటలు చెప్పినా, ఆ మాటలు పట్టుకుని నిలబడటానికి శరీరం లేదు. క్రిస్‌ని గుర్తుపెట్టుకున్నంతగా ఆ బూడిద పెట్టెల పేర్లు నాకు గుర్తుండవు.

హైడర్, సిమ్మెల్ సినిమా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకో పిల్లలకో చూపించి, జరిగింది చెప్పమనండి. వాళ్ళ మాటల్లో క్రియాపదాలను జాగ్రత్తగా వినండి. పెద్ద త్రిభుజం ‘వచ్చింది’ అంటే అది ఇంకా ఆకారమే కావచ్చు, ఆడమనిషీ కావచ్చు, ఏదో తేల్చలేం. ‘వచ్చాడు, కొట్టాడు’ అన్న క్షణాన మాత్రం అనుమానం లేదు. అట్టముక్క మనిషైపోయింది. ఆ మార్పు ఎన్నో వాక్యంలో, తెరమీద ఏ కదలిక దగ్గర జరిగిందో రాసి పెట్టుకోండి. తర్వాత అదే మనిషి చేతికి టాబ్లెట్ ఇచ్చి, థామస్ ఆటలో మొదటి కొన్ని లెవెల్స్ శబ్దం తీసేసి ఆడించండి, తెరమీద కనిపించే ఇంగ్లీషు వాక్యాలు చదవొద్దని చెప్పండి. క్రిస్ గురించి అడిగితే ఏమంటారో వినండి. చాలామంది అప్పటికే ‘వీడు గెంతలేడు పాపం’ అనేసి ఉంటారు.